ఎండుతున్న హెడ్జ్: కాపాడాలా, మొదలు దాకా కోయాలా, పీకేయాలా?

మే నెల వచ్చిందంటే హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ కాలనీల్లో ప్రహరీ వెంట పచ్చటి కంచెలా పెంచుకున్న హెడ్జ్ అక్కడక్కడా మాడినట్టు అవుతుంది. ఇంటాయన రోజూ రెండు పూటలా పైపు పట్టుకుని నిలబడతాడు. ఇంటావిడ పీకేసి కొత్తవి పెట్టిద్దామంటుంది. మాలి వచ్చి చూసి, "మొత్తం కొట్టేద్దాం సార్, వానలు పడితే మళ్ల ఇగురు పెడతది" అంటాడు. ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది. మీ ఇంటి హెడ్జ్‌కి ఎవరి మాట సరిపోతుందో తేల్చుకోవాలంటే ముందు అది ఎందుకు ఎండుతోందో, ఏ నెలలో ఎండుతోందో చూడాలి.

నా మాట ముందే చెప్పేస్తాను. ఎండాకాలంలో ఎండిన హెడ్జ్‌ని ఆగి చూడాలి. వానాకాలంలో ఎండిన హెడ్జ్‌ని ఆగకుండా తవ్వి చూడాలి. మన దగ్గర జనం చేసేది ఎక్కువగా దీనికి తిరగబడి ఉంటుంది. మే నెలలో కోపంతో పీకేసే మొక్కల్లో చాలావరకు జులైలో చిగురించేవే. ఆగస్టులో మందుల మీద మందులు కొట్టి బతికించాలని చూసే మొక్కల్లో చాలావాటికి వేరు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది.

ముందు ప్రాణం ఉందో లేదో చూడండి

దీనికి పెద్ద సామానేం అక్కర్లేదు. ఎండిన కొమ్మ చివర గోటితో బెరడు గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఒక జానెడు కిందికి వచ్చి మళ్లీ గీకండి. అలా కిందికి దిగుతూ పోతే పచ్చదనం ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. సగానికి పైన పచ్చ కనిపిస్తే ఆ మొక్కకు ఢోకా లేదు. మొదలు దగ్గర, నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో మాత్రమే పచ్చ ఉంటే కోతకు తగిన కేసు. అక్కడ కూడా లేకపోతే ఇక మాట్లాడేదేం లేదు.

ఒక మొక్కను చూసి మొత్తం వరుసకు తీర్పు ఇవ్వకండి. ఎండిన భాగంలో రెండు మూడు, పచ్చగా ఉన్నచోట ఒకటి, రెండూ కలిసే అంచులో ఒకటి గీకి చూడాలి. ఆ అంచు మొక్కే అసలు సంగతి చెబుతుంది, ఎందుకంటే జబ్బు అప్పుడే దాన్ని అందుకుంటూ ఉంటుంది.

తర్వాత అదే అంచు మొక్క మొదట్లో అరడుగు లోతు మట్టి తీయండి. ఆరోగ్యంగా ఉన్న వేరు లోపల తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు నల్లబడి, రెండు వేళ్లతో లాగితే పై తోలు తొడుగులా ఊడి వస్తుంది, లోపల సన్నటి పీచు మిగులుతుంది, వాసన కూడా వేస్తుంది. వేరు మీద, మొదలు మీద మట్టి పూత కనిపిస్తే చెద పట్టినట్టు. కాండం మీద చిన్న రంధ్రం, దాని కింద రంపపు పొట్టు లాంటిది రాలి ఉంటే లోపల కాండం తొలిచే పురుగు ఉంది.

ఎండిన తీరులోనే సగం జవాబు

వరుస అంతా ఒకేసారి, ఒకే వైపు, అంటే పడమటి ఎండ తగిలే వైపో సీసీ రోడ్డు వైపో మాడితే అది వేడి దెబ్బ. గోడ నుంచి, రోడ్డు నుంచి తిరిగి కొట్టే వేడి ఆకును ఉడికిస్తుంది. వరంగల్‌లో మే నెలలో 44 డిగ్రీలు కొత్తేం కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. రోళ్లే పగిలేచోట, మన హెడ్జ్‌లకు ఎక్కువగా పెట్టే దురంతా మొక్క ఆకు మాడటంలో వింత లేదు.

ఆకు చివర, అంచులు మాత్రమే మాడి మధ్యలో పచ్చగా ఉండి, మట్టి మీద తెల్లటి పొర కడుతుంటే ఉప్పు. మన బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పదనం ఎక్కువున్నవే. దానికి తోడు ఈ మధ్య ఇంకో అలవాటు వచ్చింది. ఆర్వో మెషీన్ వదిలే వేస్టు నీళ్లను పారబోయడం ఎందుకని పైపు పెట్టి హెడ్జ్‌కి మళ్లిస్తున్నారు. ఉద్దేశం మంచిదే కానీ, నీళ్లలోని ఉప్పులన్నీ చిక్కబడి చేరేది ఆ వేస్టులోనే. వాటితో బండలు కడుక్కోండి, బాత్రూంలో వాడండి, మొక్కలకు మాత్రం వద్దు. ఏసీ నుంచి కారే నీళ్లు వేరు, వాటిలో ఉప్పులుండవు, నిశ్చింతగా పోయొచ్చు.

కొత్త ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి, ఆ తర్వాత మాడిపోతుంటే ఇనుము అందడం లేదని అర్థం. నూరువరహాలు, కామిని మొక్కల్లో ఇది ఎక్కువ. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలన్నీ ప్రహరీ పక్కనే పూడ్చేసి, పైన ఒక లారీ ఎర్రమట్టి పోసి మొక్కలు పెట్టినచోట ఇది తప్పదు. సున్నం ఉన్న మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి ఆకుల మీద వారానికోసారి రెండు మూడు తడవలు కొడితే పచ్చబడుతుంది. అయితే అది తాత్కాలికం, కింద సున్నం అలాగే ఉంటుంది కదా.

ఆకు మీద సన్నటి చుక్కలు పడి దుమ్ము పట్టినట్టు, బూడిద రంగు తిరిగి ఎండుతుంటే, కొమ్మ కింద తెల్ల కాగితం పెట్టి దులపండి. కాగితం మీద చుక్కలు నడుస్తుంటే నల్లి. ఎండాకాలంలో, ధూళి రోడ్డు పక్కన ఇది బాగా వస్తుంది. ముందు పైపు వేలితో నొక్కి, ఆకుల అడుగు భాగానికి గట్టిగా నీళ్లు కొట్టండి, సగం పోతుంది. తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. అయితే మే ఎండలో గంధకం కొడితే ఆకులు ఇంకా మాడతాయి, కాబట్టి వాతావరణం చల్లబడ్డాకే. పిండినల్లి అయితే తెల్లటి దూదిలా కొమ్మ గణుపుల్లో కనిపిస్తుంది, చీమలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. బాగా పట్టిన కొమ్మలు కోసి సంచిలో కట్టి పారేసి, మిగతా వాటికి లీటరుకు 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టాలి.

వరుస మధ్యలో ఒక మొక్క, వారం పది రోజుల్లో పక్కది, ఆ తర్వాత దాని పక్కది, ఇలా పాకుతుంటే అది వేరుకుళ్లు గానీ చెద గానీ. ఎక్కువ భయపడాల్సింది దీనికే.

ఇంకా రెండున్నాయి, మన దగ్గర తరచుగా పొరబడేవి. గోడ అవతల ఖాళీ ప్లాటులో ఎవరో గడ్డి మందు కొడితే గాలికి తుంపర వచ్చి హెడ్జ్ ఒకవైపే ముడుచుకుని మాడుతుంది. దీనికి మందు లేదు, వేరు బాగుంటే కొత్త ఆకు అదే వస్తుంది. రెండోది కోతులు. గుంపు గోడ మీద నడిచి వెళ్తూ కొమ్మలు విరిచేస్తే, విరిగినవి వేలాడుతూ రెండు రోజుల్లో ఎండుతాయి. దూరం నుంచి చూస్తే తెగులులాగే ఉంటుంది. విరిగిన చోటు కనిపిస్తే తెగులు అనుకోకండి, కట్టర్‌తో నున్నగా కోసేయండి చాలు.

హెడ్జ్ లోపలి భాగం, కింది భాగం ఆకుల్లేకుండా పుల్లలు తేలడం కూడా జబ్బు కాదు. మాలి చేతికి అందిన పై భాగాన్నే ప్రతిసారీ కత్తిరిస్తే పైన గొడుగులా వెడల్పై కింద నీడ పడుతుంది. వెలుతురు అందని ఆకు రాలిపోతుంది. కింద వెడల్పుగా, పైన కొంచెం సన్నగా ఉండేలా కత్తిరించమని గట్టిగా చెప్పండి. మొదట్లో వాళ్లకు నచ్చదు, చూడటానికి గోడలా నిటారుగా ఉండాలంటారు.

నీళ్లు పోస్తున్నారు సరే, ఎంత లోతుకు దిగుతున్నాయి?

రోజూ రెండు పూటలా పైపు పట్టిన హెడ్జ్ ఎండిపోతుంటే చాలామందికి అర్థం కాదు. మూడడుగుల ఇనుప చువ్వ ఒకటి తీసుకుని, నీళ్లు పెట్టిన గంట తర్వాత మొదట్లో గుచ్చి చూడండి. తడి ఉన్నంత వరకు చువ్వ సులువుగా దిగుతుంది, పొడి తగలగానే ఆగిపోతుంది. పైపు పట్టినచోట నాలుగు వేళ్ల లోతులోనే ఆగిపోతే, ఆ నీళ్లు వేళ్లకు అందకుండానే ఎండకు ఆవిరైపోతున్నట్టు. వరుస పొడవునా చిన్న కాలువలా చేసి వారానికి రెండుసార్లు నిండా పారించడం, రోజూ చిలకరించడం కన్నా ఎంతో నయం. పైన మూడు వేళ్ల మందాన ఎండుటాకులో వరిగడ్డో పరవండి, మొదలుకు తగలకుండా. చెద ఉన్న ఇంట్లో వరిగడ్డి వద్దు, బాగా మాగిన కంపోస్టు పరవండి.

నేల సంగతి కూడా చూడాలి. మన దగ్గర ఒకే కాలనీలో చెల్క నేల, నల్లరేగడి రెండూ తగులుతాయి, ఎర్రమట్టి కింద మొరం కూడా. చెల్కలో నీళ్లు నిలవవు, వారానికి మూడు తడులైనా ఇవ్వాలి. నల్లరేగడి ఎండాకాలంలో పగుళ్లిచ్చి సన్న వేళ్లను తెంపుతుంది, వానాకాలంలో నీళ్లు పట్టుకుని వేళ్లకు గాలి ఆడనివ్వదు. అడుగు లోతు గుంత తీసి నీళ్లతో నింపి వదిలేయండి. నీళ్లు మర్నాటి పొద్దుటికీ నిలిచి ఉంటే ఆ నేలకు నీళ్లు పోయే దారి చూపించాల్సిందే.

2023 జులై చివర్లో వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు చాలా ఇళ్లలో ప్రహరీ లోపల రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలా మునిగిన మొక్క వెంటనే చావదు. నీళ్లు తీసిన మూడు నాలుగు వారాలకు, అంతా బాగుందనుకున్నాక, ఒక్కసారిగా వాడుతుంది. అప్పుడు ఆకు వాడింది కదా అని ఇంకా నీళ్లు పోస్తారు. కుళ్లిన వేరుకు నీళ్లు పోయడమంటే మిగిలిన వేళ్లను కూడా చంపుకోవడమే.

ఇప్పుడు ఎంపిక

ఆగి చూడటం ఎవరికి? వేడి దెబ్బ, గడ్డి మందు, కోతులు, నల్లి, ఉప్పు, ఇవి కారణమై, గీకితే కొమ్మ సగానికి పైన పచ్చ ఉన్నవాళ్లకు. ఖర్చు దాదాపు లేదు, ఓపిక మాత్రం కావాలి. ఎండిన ఆకులను కూడా వెంటనే దులిపేయకండి, కింది కొమ్మలకు కాస్త నీడనిస్తాయి. పడమటి వైపు సగం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టి, కాలువలో నీళ్లు పారించి, మృగశిర కార్తె దాకా, అంటే జూన్ మొదటి వారం దాటేదాకా, కత్తెర ముట్టకండి. ఎరువు కూడా వద్దు. దాహంతో ఉన్న మొక్కకు యూరియా వేస్తే ఉన్న వేళ్లు కూడా మాడతాయి. ఈ దారిలో ఇబ్బంది ఒక్కటే, నెలన్నర పాటు ఇంటి ముందు చూడటానికి బాగుండదు. ఇంట్లో పెళ్లో గృహప్రవేశమో ఉంటే టెన్షన్ పడతారు, అర్థం చేసుకోగలను. కానీ మే నెలలో కొత్త మొక్కలు పెట్టినా అవీ మాడతాయి.

మొదలు దాకా కోయడం ఎవరికి? కొమ్మలు పైన చచ్చి, మొదట్లో మాత్రమే పచ్చ మిగిలి, వేళ్లు తెల్లగా ఉన్నవాటికి. పాతబడి, లోపలంతా పుల్లలై, పైన మాత్రమే ఆకు మిగిలిన హెడ్జ్‌కి కూడా. పచ్చ మిగిలిన చోటి దాకా, పాత హెడ్జ్‌నైతే నేలకు అడుగు ఎత్తులో కోసేస్తే పాత మోడు నుంచి కొత్త చిగుళ్లు గుబురుగా లేస్తాయి. మాలి చెప్పిన మాట ఇక్కడ నూటికి నూరు పాళ్లు నిజం, అయితే రెండు షరతులున్నాయి.

మొదటిది కాలం. కోత మే నెలలో చేస్తే, అప్పటిదాకా నీడలో ఉన్న లేత బెరడు నేరుగా ఎండకు పడి పగులుతుంది. మన దగ్గర ఒకటి రెండు మంచి వానలు పడ్డాక, జూన్ చివర నుంచి జులైలో చేయడం మేలు. ఫిబ్రవరి కోతను కూడా కొందరు చేస్తారు. అప్పుడు వచ్చిన లేత చిగురు నేరుగా ఏప్రిల్ ఎండలో పడుతుంది కాబట్టి నాకు అంతగా నచ్చదు.

రెండోది మొక్క. దురంతా, మందారం, నందివర్ధనం, అకలిఫా, కాగితం పూలు, మైదాకు మోడు నుంచి బాగా చిగురిస్తాయి. కామిని కూడా చిగురిస్తుంది, నెమ్మది మీద. థూజా, అదే మోర్‌పంఖి అని అమ్మేది, చిగురించదు. దాని ఆకు ఉన్న భాగం దాటి లోపలి గోధుమ కొమ్మ దాకా కోశారంటే ఆ ఖాళీ ఎప్పటికీ అలాగే ఉంటుంది. థూజా వరుసకు మొదలు కోత అంటే పీకేయడంతో సమానమే. సరుగుడు హెడ్జ్ కూడా పాత మాను నుంచి లేస్తుందని నమ్మకం పెట్టుకోకండి.

వరుస అంతా ఒకేసారి కోయడానికి మనసొప్పకపోతే, ఒక మొక్క వదిలి ఒకటి కాకుండా, రోడ్డు వైపు సగం ఈ ఏడు, ఇంటి వైపు సగం వచ్చే ఏడు కోయండి. మరుగు పూర్తిగా పోదు. కోసిన వెంటనే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి కోతల మీద, మొదళ్లలో పోయాలి. చిగురు బెత్తెడు వచ్చాక పశువుల ఎరువు, వేప పిండి వేయొచ్చు.

పీకేయడం ఎవరికి? వేరుకుళ్లు పాకుతున్నవాళ్లకు, చెద కాండం లోపలికి పోయినవాళ్లకు, గీకితే ఎక్కడా పచ్చ లేనివాళ్లకు. ఇక్కడ జాలి పనికిరాదు. ఎండిన మొక్కతో పాటు దాని పక్కన రెండు వైపులా ఉన్న ఒక్కో మొక్కను, చూడటానికి బాగున్నా సరే, తీసేయడమే మంచిది. వేళ్లు ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. తీసిన వేళ్లను ఏరి కాల్చేయాలి, కంపోస్టు గుంతలో వేస్తే జబ్బును ఇంకో చోటికి మోసుకెళ్లినట్టే.

మరి ఎండినవాటిని తీసి, ఆ ఖాళీల్లోనే అదే రకం కొత్తవి గుచ్చేస్తే? నర్సరీవాళ్లు ఇదే సలహా ఇస్తారు. వేడికో, కోతులకో పోయిన ఒకటి రెండు ఖాళీలకు ఇది బాగానే పనిచేస్తుంది. వేరుకుళ్లు పోయిన చోట మాత్రం డబ్బు దండగ. పైగా పెద్ద మొక్కల మధ్య చిన్న మొక్కకు వెలుతురు, నీళ్లు అందవు, దాన్ని రెండేళ్ల పాటు విడిగా చూసుకోవాలి. వరుసలో మూడో వంతు పోయి ఉంటే ఖాళీలు నింపే పని పెట్టుకోకండి. మిగిలిన రెండు వంతులకు కూడా ఎలాగూ వయసైపోయి ఉంటుంది.

పీకాక ఏం పెట్టాలి?

దురంతా ఎండిందని పీకి మళ్లీ దురంతానే పెట్టడం మన దగ్గర రివాజు. పసుపు ఆకుల దురంతా చవక, త్వరగా పెరుగుతుంది, కత్తిరించినట్టు ఒదుగుతుంది. కానీ అది నీళ్ల కరువును తట్టుకోదు, ఐదారేళ్లకే లోపల పుల్లలు తేలుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే దాని పసుపు కాయలు విషమని గుర్తుంచుకోండి, అందంగా ఉంటాయి కాబట్టి నోట్లో పెట్టుకుంటారు. బోరు వట్టిపోయే కాలనీలో నేను దురంతా పెట్టమనను. బోరు బాగా ఉండి, వారం వారం మాలి వచ్చే ఇల్లయితే ఫరవాలేదు.

నీళ్లు తక్కువ, ఉప్పు ఎక్కువ అన్నచోట నా మొదటి ఓటు క్లెరోడెండ్రాన్ ఇనర్మీకి. సముద్రపు ఒడ్డున పెరిగే జాతి కాబట్టి ఉప్పును తట్టుకుంటుంది. ముదురాకుపచ్చగా ఉండి, ఎంత కత్తిరించినా ఓర్చుకుంటుంది. మేకలు కూడా పెద్దగా ముట్టవు. పువ్వు చిన్నదే, గొప్పగా ఏం ఉండదు. తీగ సాగే గుణం ఉంది కాబట్టి వానాకాలంలో కత్తిరింపు ఆపితే రోడ్డు మీదికి వాలుతుంది. అడుగున్నర దూరంలో పెడితే రెండేళ్లలో గోడ కడుతుంది.

మైదాకు మన పల్లెల్లో పెరడు కంచెగా ఎప్పటినుంచో ఉన్నదే. చెల్క నేలలో, నీళ్లు లేకపోయినా బతుకుతుంది. ఎండాకాలంలో ఆకు పలచబడుతుంది, అదే దాని లోపం, పూర్తి మరుగు కోరుకునేవారికి నచ్చదు. ఆషాఢం వచ్చిందంటే వీధిలోని ఆడపిల్లలంతా వచ్చి కోసుకుపోతారు, ఆ నెల కత్తిరింపు ఖర్చు మిగిలినట్టే.

నందివర్ధనం పూజకు పూలిస్తుంది, సగం నీడలోనూ పెరుగుతుంది, అందుకే ఇంటి ఉత్తరపు వైపుకు, పక్కింటి నీడ పడేచోటుకు సరిగ్గా సరిపోతుంది. రెండున్నర, మూడు అడుగుల దూరం ఇవ్వాలి. చదరంగా కత్తిరిస్తే పూలు పోతాయి, వదులుగా పెరగనివ్వాలి. కామిని వాసనకు, పచ్చదనానికి సాటిలేనిది కానీ నెమ్మదిగా పెరుగుతుంది, సున్నపు నేలలో పసుపు తిరుగుతుంది. ఇంట్లో నిమ్మ, బత్తాయి చెట్లుంటే కామిని పెట్టకపోవడమే నయం. అది నిమ్మ జాతికి దగ్గరి చుట్టం, నిమ్మకు పచ్చ తెగులు మోసే పేను దీని మీద కూడా బతుకుతుంది.

కోతులు, మేకలు, గోడ దూకే కుక్కలు, వీటితో విసిగిపోయారా? అయితే వాక్కాయ. ముళ్లు గట్టివి, ఒకసారి కుదురుకుంటే నీళ్లు అడగదు, కాయలతో పప్పు, పచ్చడి. మూడడుగుల దూరంలో పెట్టి మొదటి రెండేళ్లు తలలు గిల్లితే గుబురవుతుంది. ఊరి చివర ప్లాటుకూ పొలం గట్టుకూ ఇంతకు మించింది లేదు. గేటు దగ్గర, పిల్లలు ఆడే చోట, సైకిళ్లు నిలిపే చోట మాత్రం వద్దు. కాగితం పూలకూ ఇదే మాట వర్తిస్తుంది, పైగా దానికి నీళ్లు ఎక్కువైతే పువ్వు తగ్గి ఆకు పెరుగుతుంది.

నూరువరహాలు, థూజా, ఈ రెండూ నర్సరీలో చూడటానికి ముచ్చటగా ఉంటాయి. నూరువరహాలు ఆమ్ల గుణమున్న నేల కోరేది, మన బోరు నీళ్లతో పొడవాటి హెడ్జ్‌గా దాన్ని నిలబెట్టడం కష్టం, రెండు మూడు కుండీలకు పరిమితం చేసుకోండి. థూజా చల్లటి చోటు మొక్క, మన ఎండలకు లోపలి నుంచి మాడుతుంది, మాడినచోట మళ్లీ రాదు.

కోనోకార్పస్ గురించి చాలామంది అడుగుతారు, ఏడాదిలో ఆరడుగులు లేస్తుంది కాబట్టి. వద్దు. దాని వేళ్లు నీటి పైపులు, డ్రైనేజీ లైన్ల వైపు పోతాయని, పుప్పొడి ఎలర్జీ తెస్తుందని ఫిర్యాదులున్నాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది. రెండు వందల గజాల ప్లాటులో సెప్టిక్ ట్యాంకు, బోరు, సంపు అన్నీ పది అడుగుల్లోపే ఉంటాయి, అక్కడ ఈ రిస్కు ఎందుకు?

అసలు మొక్కలకు చోటే లేకపోతే, గోడకూ బండలకూ మధ్య అడుగు మట్టే ఉంటే, హెడ్జ్ ఆలోచన మానేసి ఇనుప మెష్ బిగించి రాధామనోహరం పాకించండి. ఐదడుగులకు ఒక మొక్క చాలు. కూరగాయల మీద మనసుంటే దొండ, బచ్చలి, చిక్కుడు. మరుగుకు మరుగు, కూరకు కూర.

గుంత పని

మొక్క ఖరీదు కన్నా గుంత తవ్విన కూలీ ఎక్కువ అవుతుంది, అవనివ్వండి. విడివిడి గుంతలకు బదులు వరుస పొడవునా అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు కందకం తీయించండి. గోడకు కనీసం అడుగున్నర ఎడం ఉండాలి. ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు ఎన్ని వస్తాయో చూస్తే పాత మొక్కలు ఎందుకు పోయాయో మీకే తెలుస్తుంది. అవి మళ్లీ అందులోనే పూడ్చకుండా దగ్గరుండి చూసుకోవాలి, కూలీలకు అదే దగ్గరి దారి కదా.

వేరుకుళ్లుతో పీకినచోట ఈ పని ఏప్రిల్‌లో పెట్టుకోండి. మట్టి తడిపి, పైన పారదర్శకమైన పాలిథీన్ కప్పి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తే మన ఎండే సగం శిలీంధ్రాన్ని చంపుతుంది. తర్వాత పది కిలోల మాగిన పశువుల ఎరువుకు కిలో వేప పిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (వేరుకుళ్లును అణిచే మేలు శిలీంధ్రం) కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనె సంచి కప్పి వారం పది రోజులు ఉంచి కందకంలో వేయండి. ఆ మట్టిలో కాపర్ మందు పోసి ఉంటే రెండు వారాలు ఆగాలి, లేకపోతే ఆ మందు ట్రైకోడెర్మాను కూడా చంపుతుంది. చెద ఉన్నచోట వేప పిండి మోతాదు పెంచండి, పాత మోడు, కర్ర ముక్కలు కందకంలో ఒక్కటీ మిగలనివ్వకండి. నేల మీద మరీ అనుమానంగా ఉంటే గుప్పెడు గుప్పెడు నాలుగైదు చోట్ల నుంచి తీసి కలిపి భూసార పరీక్షకు ఇవ్వండి, ఉప్పు, సున్నం సంగతి కాగితం మీద తేలిపోతుంది.

ఇక మొక్క. మన నర్సరీలకు మొక్కలు చాలావరకు గోదావరి జిల్లాల కడియం నుంచి లారీల్లో వస్తాయి. వాటి వేళ్ల చుట్టూ జిగట బంకమట్టి ముద్ద ఉంటుంది. దారిలో వేరు ఎండకుండా అది బాగా పనికొస్తుంది. అదే ముద్దను కవరు చింపి అలాగే మన ఎర్రమట్టిలో పెడితే, ఎండకు అది కుంచించుకుపోయి గట్టిపడుతుంది. పోసిన నీళ్లు ముద్ద పక్కనుంచి దిగిపోతాయి, లోపల వేరు పొడిగానే ఉంటుంది. పైన మట్టి తడిగా కనిపిస్తున్నా మొక్క ఎండిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. నాటేముందు ముద్దను బకెట్ నీళ్లలో పావుగంట ముంచి, బయటి మట్టిని వేళ్లతో మెల్లగా విడదీసి, బయటి వేళ్లు విడిగా కనిపించేలా చేసి నాటండి. మొక్క కవరులో ఎంత లోతులో ఉందో అంతే లోతులో ఉండాలి. కాండం మట్టిలో పూడితే మొదలు కుళ్లుతుంది.

కొనేటప్పుడు ఎత్తు చూసి మోసపోకండి. మూడడుగుల సన్నటి మొక్క కన్నా, అడుగున్నరే ఉన్నా మొదట్లోనే నాలుగైదు కొమ్మలు వేసినది మంచిది. హెడ్జ్ కిందనే నిండాలి, పైకి ఎలాగూ పెరుగుతుంది. ఆకు అడుగున తిప్పి చూడండి, పిండినల్లి ఉంటే మొత్తం లాట్ వదిలేయండి.

జులైలో నాటిన వరుసకు వానలు మొదటి మూడు నెలలు చూసుకుంటాయి. అసలు పరీక్ష దసరా దాటాక మొదలవుతుంది. వానలు ఆగిపోతాయి, చలి వస్తోంది కదా అని నీళ్ల సంగతి మర్చిపోతారు, వేరు ఇంకా జానెడు లోతులోనే ఉంటుంది. అక్టోబర్ నుంచి వారానికి ఒక నిండు తడి, ఫిబ్రవరి నుంచి రెండు, ఏప్రిల్ నుంచి చువ్వ గుచ్చి చూసి అవసరాన్ని బట్టి. మొదటి ఎండాకాలానికి పడమటి వైపు గ్రీన్ నెట్ కట్టండి, రెండో ఎండాకాలానికి దాని అవసరం ఉండదు.